కూచోమని ఒక్క మాట

సోగత్తూరులో ఆ ఇంటికి తెల్లవారేది చింతపండు కొట్టే చప్పుడుతోనే. చింతచెట్లు దులిపే మాసి నెల వచ్చిందంటే మండీ వ్యాపారులు వాకిట్లో బస్తాలు దించిపోతారు. గోనెపట్టా పరుచుకుని, ముందు రాయి పెట్టుకుని, ముత్తమ్మాళ్ అవ్వ చిన్న ఇనుప కడ్డీతో ఒక్కొక్క పండునూ కొట్టి గింజలు రాలుస్తుంది. ఎనభై దాటిన మనిషి. చూపు మందగించింది కానీ చెవులు మాత్రం పాము చెవులే. ఆమె పక్కనే ఇంకో రాయి ఉంటుంది. అది కోడలు గౌరమ్మది. కొన్నాళ్ళుగా దాని ముందు ఎవరూ కూర్చోవడం లేదు. గౌరమ్మ ధర్మపురిలో ఆసుపత్రిలో ఉంది. అరిగిపోయిన ఎడమ తుంటి తీసేసి కొత్తది వేశారు. మర్నాడు ఇంటికి పంపిస్తామన్నారు.

గౌరమ్మ కోడలు యోగలక్ష్మి పొద్దున్నే కొంగు బిగించి ఇల్లంతా తలకిందులు చేసింది. పని పట్టిందంటే మధ్యలో వదిలే రకం కాదు. ఆసుపత్రిలో కసరత్తులు చేయించే అమ్మాయి చెప్పినవన్నీ ఆమెకు నోటికొచ్చు. కూర్చుంటే మోకాలు తుంటికంటే ఎత్తుకు రాకూడదు. బాసింపట్టు వేయకూడదు, నేలమీది వస్తువు కోసం వంగకూడదు. అందుకని మంచం కోళ్ళ కింద చెక్కదిమ్మెలు పెట్టించింది. కాలికి తగులుతాయని ఇంట్లోని చాపలన్నీ చుట్టి అటకెక్కించింది. దొడ్లో మరుగుదొడ్డి మీద వేయడానికి మధ్యలో రంధ్రమున్న కుర్చీ తెప్పించింది. వాకర్ తిరగడానికి అడ్డమని రుబ్బురోలును మొగుడు శక్తివేల్ చేత గోడవారకు దొర్లించింది. అతను ఆయాసపడుతూ, అమ్మ నడక నేర్చేలోగా నా నడుము పోయేటట్టుందని గొణిగాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది కూర్చునే కుర్చీ. రెండు పక్కలా చేతులున్నది, ఎత్తైనది, గట్టిది. శక్తివేల్ టౌన్లో వడ్రంగి చేత చేయించి తన లోడ్ ఆటోలోనే తెచ్చాడు. ముందుగదిలో వాకిలికి ఎదురుగా వేశారు. అక్కడైతే గాలి వస్తుంది, వచ్చేపోయే మనుషులు కనబడతారు. యోగలక్ష్మి దాన్ని తుడుస్తూ తలెత్తి చూసింది. ఎదురుగా వాకిట్లో అవ్వ, చింతపండు కొడుతూ. ఇన్ని ఆలోచించిన మనిషికి అసలు సంగతి తట్టనేలేదు.

ఆ ఇంట్లో అత్త ఎదుట గౌరమ్మ కుర్చీలో కూర్చోదు. కుర్చీలు లేక కాదు. టీవీ ముందు మూడు కుర్చీలు ఖాళీగా పడుంటే ఆమె గోడకు ఆనుకుని నేలమీదే కూర్చుంటుంది. చుట్టాలెవరైనా బలవంతపెడితే నవ్వి ఊరుకుంటుంది. భర్త అంజప్ప పోయిన తర్వాత కూడా, ఇంటి పెద్దల్లో వాళ్ళిద్దరే మిగిలినా, ఆ పద్ధతి మారలేదు. తుంటి నొప్పి మొదలయ్యాక కింద నుంచి లేవడానికి గోడ పట్టుకుని, పళ్ళు బిగబట్టి, కళ్ళలో నీళ్ళు తెచ్చుకునేది కానీ కుర్చీ జోలికి మాత్రం పోలేదు. ఊళ్ళోవాళ్ళు ఆహా ఎంత మర్యాద అనేవారు. యోగలక్ష్మి మాత్రం అది ముసలామె పెత్తనమని ఎప్పుడో తేల్చేసుకుంది. కోడలు కుంటుతూ ఉంటే చూసి కూడా నోరు విప్పని మనిషిని ఇంకేమనాలి?

మొన్న ఆసుపత్రిలో జరిగింది ఆమె ఇంకా మరిచిపోలేదు. గౌరమ్మను మంచం పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పుడే అవ్వ గుమ్మంలోకి వచ్చింది. అంతే, గౌరమ్మ కట్టు కట్టిన కాలు సంగతే మరిచిపోయి చటుక్కున లేవబోయింది. నర్సు పట్టుకోకపోతే పడిపోయేదే. కసరత్తుల అమ్మాయి అందరి ముందూ కేకలేసింది. కొత్త తుంటి అంటే గిన్నెలో బంతి లాంటిది, ఇలా ఎగిరి లేచినా, కింద చతికిలబడినా బంతి జారిపోతుంది, మళ్ళీ కొయ్యాల్సిందే, ఈ వయసులో రెండోసారి తట్టుకోదు అంది. అవ్వ గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

యోగలక్ష్మి గుడ్డ పక్కన పడేసి వంటింట్లోకి వెళ్ళింది. కాఫీ తాగుతున్న మొగుడితో గొంతు తగ్గించి చెప్పింది.

“అవ్వ కండ్లముందర ఉన్నంతసేపూ అత్త ఆ కుర్చీలో కూచోదు. ఆమె లోపలికి వచ్చినప్పుడంతా ఈమె లేస్తుంది. ఎన్నిసార్లని పట్టుకునేది?”

“అయితే అవ్వను ఏం చెయ్యమంటావు? చాపలతోపాటు అటకెక్కించేదా?”

“ఎగతాళి వద్దు. కొన్నాళ్ళు మొరప్పూరులో చిన్నతాయత్త ఇంట్లో ఉంటే ఏం పోయింది? ఆమె కన్నకూతురే గదా.”

వాకిట్లో చింతపండు చప్పుడు ఆగింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి అవ్వ గోడ పట్టుకుని లోపలికి వచ్చి, శక్తివేల్‌ని బండి ఖాళీగా ఉందా అని అడిగింది. ఉందంటే, చిన్నతాయిని చూసి చాలా దినాలైంది, నన్ను మొరప్పూరులో దించేసిరా అంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. శక్తివేల్ తల వంచుకున్నాడు. వద్దవ్వా అని యోగలక్ష్మి ఒక్క మాట అనాల్సింది. అనలేదు. పైగా అవ్వ చీరలు తానే మడిచి సంచిలో సర్దింది. మంచి పని చేస్తున్నామనుకునేటప్పుడు మనిషికి ఎదుటివాళ్ళ ముఖం చూసే తీరిక ఉండదు.

పోయేముందు అవ్వ ఆ కొత్త కుర్చీ దగ్గర ఆగింది. దాని చేతులు పట్టుకుని ఊపి చూసింది. కూర్చునే చోట అరచేత్తో అదిమి చూసింది.

“ఊగదు గదా?” అని మాత్రం అడిగింది.

మర్నాడు గౌరమ్మ వాకర్ పట్టుకుని, ఒక పక్క కొడుకు, ఒక పక్క కోడలు కాపలాగా, నెమ్మదిగా ఇంట్లోకి వచ్చింది. యోగలక్ష్మి హారతి ఇచ్చింది. కుర్చీలో ఎలా కూర్చోవాలో ఆసుపత్రిలో నేర్పినట్టే, వెనక్కి జరిగి, కుర్చీ కాళ్ళకు తగిలాక, చేతులు పట్టుకుని, ఆపరేషన్ చేసిన కాలు ముందుకు చాపి కూర్చుంది. యోగలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. ఇంత సులభంగా అయిపోతుందని ఆమె అనుకోలేదు.

గౌరమ్మ వాకిట్లోకి చూసింది. రెండు రాళ్ళూ ఉన్నాయి. మనిషి లేదు.

“అత్త ఏదిరా?” అని కొడుకును అడిగింది.

చిన్నతాయత్తకు ఒంట్లో బాగలేదంట, చూసొస్తానని పోయిందని శక్తివేల్ నేల చూపులు చూస్తూ చెప్పాడు. అబద్ధం చెప్పడం అతనికి చిన్నప్పటి నుంచీ రాదు.

“నేను ఈ దినం వస్తానని ఆమెకు తెలుసునా?”

“తెలుసు.”

“తెలిసీ పోయిందా,” అంది గౌరమ్మ.

అక్కడితో ఆమె ముడుచుకుపోయింది. రాగి సంకటి పెడితే రెండు ముద్దలు మింగి చాలంటుంది. వాకర్ తెచ్చి ముందు పెడితే కళ్ళు మూసుకుంటుంది. కాళ్ళ మధ్య దిండు పెట్టుకుని వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ ఉంటుంది. పక్కింటివాళ్ళు చూడటానికి వచ్చి, ఇల్లంతా ఎంత బాగా అమర్చింది నీ కోడలు, పెట్టి పుట్టినావు గౌరమ్మా అంటే తల ఊపుతుంది. ఆ పొగడ్తలు వింటూ యోగలక్ష్మి లోపల్లోపల కుమిలిపోయేది. ఏం తక్కువ చేసింది తను?

కసరత్తుల అమ్మాయి ఇంటికి వచ్చి చూసింది. పిక్క వాచి ఉంది. నడవకపోతే కాల్లో రక్తం గడ్డకడుతుందని, అది గుండెకు పోతే ప్రాణానికే ముప్పని చెప్పింది. గౌరమ్మ వినీ విననట్టు ఉంది. వాచిన కాలు ఒకసారి పెద్దాసుపత్రిలో చూపించండి అని శక్తివేల్‌కు చెప్పి, నడవాలనే ఆశ లేని మనిషికి నేను నడక నేర్పలేనక్కా అని యోగలక్ష్మి చెవిలో చెప్పి వెళ్ళింది. ఆసుపత్రిలో గడ్డలేమీ లేవన్నారు, కానీ మంచం దిగకపోతే వస్తాయని గట్టిగా చెప్పి పంపారు.

ఇంటికి రాగానే యోగలక్ష్మి ఓపిక తెగింది.

“ఏం కావాల అత్తా మీకు? మంచం ఎత్తు చేసినాను. కుర్చీ చేయించినాను. స్నానం చేయించి, ఒళ్ళు తుడిచి, చంటిబిడ్డ మాదిరి చూసుకుంటా ఉన్నాను. మీరు నడవకపోతే రేపు ఏదైనా అయితే ఊరంతా నన్నే గదా అనేది. కోడలు సరిగ్గా చూడలేదు అనే గదా.”

“నిన్ను ఎవరూ ఏమీ అనరు,” అంది గౌరమ్మ.

“మరి ఎందుకీ పంతం? ఆ ముసలామె లేకపోతేనన్నా కుర్చీలో హాయిగా కూచుంటారని పంపిస్తే...”

మాట జారింది. జారాక పట్టుకోవడానికి ఏముంది? గౌరమ్మ తల తిప్పి కోడలి వైపు చూసింది. ఇంటికి వచ్చాక అంత సూటిగా చూడటం అదే మొదలు.

“పంపించినావా? నువ్వేనా?”

యోగలక్ష్మి దాచలేదు. వంటింట్లో తాను అన్నది, అవ్వ విన్నది, బండెక్కింది, అంతా చెప్పింది. చెబుతూ ఉండగానే తన గొంతు తనకే దొంగగొంతులా వినిపించింది. గౌరమ్మ మాట్లాడిన మాటలు కోపంగా లేవు. కోపంగా ఉంటే యోగలక్ష్మికి బాగుండేది.

“ఆమె నాకు ఒట్టి అత్త కాదే యోగా. మా నాయిన అక్క. మా అమ్మ పోయినప్పుడు నేను ఇంతుంటాను. తొప్పూరు నుంచి నన్ను చంకనేసుకొని తెచ్చుకొనింది. ఆమె ఒళ్ళో కూచుంటే గానీ నాకు అన్నం దిగేది కాదు. పెండ్లయినాంక కూడా అంతే. ఆమె కూచున్న మంచం మీదనే నేనూ కూచునేదాన్ని.”

అంజప్పకు ఒక అన్న ఉండేవాడని, రంగసామి అని, అతను పెళ్ళాంతో హోసూరులో స్థిరపడ్డాడని యోగలక్ష్మికి తెలుసు. ఆ పెద్దకోడలు బయటి సంబంధమని గౌరమ్మ చెప్పింది. అత్త తమ్ముడి కూతురని గౌరమ్మను మంచమెక్కించుకుంటుంది, నన్ను నేలమీద ఉంచుతుందని ఆమె ఊరంతా చెప్పిందట. ఒక పండగనాడు ఇంటినిండా చుట్టాలున్నప్పుడు నలుగురిలో ఏడ్చి గొడవ చేసిందట. ముత్తమ్మాళ్‌కు తల కొట్టేసినట్టయింది. పక్కన కూర్చున్న గౌరమ్మ భుజం పట్టుకుని లేపింది.

“‘లే. కోడలు కోడలి మాదిరి కింద కూచో’ అనింది. అందరి ముందరా. నేను కింద కూచున్నాను. పెద్దామె సంసారం వేరుపడి పోయింది. చుట్టాలంతా పోయినారు. నా మొగుడూ పోయినాడు. మళ్ళీ పైకి కూచో అని మాత్రం ఆమె అనలేదు. దినమూ అనుకునేదాన్ని, ఈ దినం అంటుంది, రేపు అంటుంది అని.” గౌరమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఆమె చెప్పి దించింది. ఆమే చెప్పి కూచోబెట్టాల. నువ్వు కుర్చీ తెచ్చినావు, మంచిదే. దాంట్లో కూచో అని చెప్పాల్సిన మనిషిని పంపించేసినావు.”

యోగలక్ష్మికి తన పెళ్ళి నాటి సంగతి గుర్తొచ్చింది. కాపురానికి వచ్చిన రోజు తాను నేలమీద కూర్చోబోతే గౌరమ్మే కుర్చీ లాగి, ఈ ఇంట్లో నువ్వు కింద కూర్చోవద్దమ్మా అంది. తాను కూర్చుంది కూడా. అలాంటి మాట కోసం గౌరమ్మ ఎన్నేళ్ళు కాచుకుందో, తనకు దొరకని మాటను ఎంత తేలిగ్గా కోడలికి ఇచ్చేసిందో ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో యోగలక్ష్మికి ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున అత్తకు శక్తివేల్‌ని కాపలా పెట్టి ఆమె మొరప్పూరు బస్సెక్కింది. చిన్నతాయి ఇంటి పంచలో అవ్వ ఒక మూల కూర్చుని ఉంది. కొన్నాళ్ళకే సగమైపోయింది. తినమంటే తినడం లేదు, ఏమీ చెప్పడం లేదు, నా తల బద్దలవుతా ఉందని చిన్నతాయి మొత్తుకుంది. యోగలక్ష్మి వెళ్ళి అవ్వ పక్కన కూర్చుంది. క్షమించమని ఎలా అడగాలో తెలియక, ఇంటికి పోదాం రా అవ్వా, అత్త అన్నం తినడం లేదని చెప్పింది.

అవ్వ వేరే అడిగింది.

“నేలమీద కూచుని కూచునే దాని తుంటి పోయిందంటనా?”

ఈ ప్రశ్న వల్లే ఆమె ఇక్కడ ఇన్నాళ్ళూ తిండి మానేసిందని యోగలక్ష్మికి అర్థమైంది. కాదు అని చెప్పేస్తే సరిపోయేది. కానీ ఆ పాముచెవులకు అబద్ధం తెలిసిపోతుంది.

“దానికే అని డాక్టరు చెప్పలేదవ్వా. దానికి కాదనీ చెప్పలేదు. వయసు, పని, ఒంటి తీరు, అన్నీ కలిసి అరిగింది అన్నాడు.”

అవ్వ తల ఊపింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

“అది గోడ పట్టుకొని లేచేటప్పుడు నాకు ఇక్కడ పొడిచినట్టుండేది,” అని రొమ్ము మీద చేయి పెట్టుకుంది. “చెప్పాలనే ఉండేది. నోరు రాలేదే. ఈ దినం పైకి కూచో అంటే, ఇన్నేండ్లూ దాన్ని ఊరికే కింద కూచోబెట్టినట్టే గదా? ఎవతో ఏడ్చిందని నా బిడ్డను నేను దించేసినట్టే గదా? ఆ లెక్కకు ఏం బదులు చెప్పేది? చెప్పకుండా ఉంటే పద్ధతి అనుకొని పోతుందిలే అనుకున్నాను. అది పద్ధతి అనుకోలేదు. కాచుకొని ఉండింది. నాకు తెలుసు.”

“అయితే రా. వచ్చి చెప్పు.”

“ఏ మొగం పెట్టుకొని వచ్చేది?”

“ఉన్న మొగం పెట్టుకొనే రా అవ్వా,” అంది యోగలక్ష్మి. “పంపించిన దాన్ని నేనే వచ్చినాను గదా, ఈ మొగం పెట్టుకొని.”

ఎండ చల్లబడే వేళకు వాళ్ళు సోగత్తూరు చేరారు. శక్తివేల్ చాలా బతిమాలి తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి ఉన్నాడు. గుమ్మంలో అవ్వ నీడ పడింది. గౌరమ్మ తలెత్తింది. యోగలక్ష్మి భయపడినంతా అయింది. మనసు ఆగమన్నా ఒళ్ళు ఆగలేదు. గౌరమ్మ రెండు చేతులూ కుర్చీ మీద ఊని, నడుము ముందుకు వంచి, వాకర్ కోసం కూడా చూడకుండా లేవబోయింది. శక్తివేల్ నీళ్ళకని వంటింట్లోకి పోయి ఉన్నాడు. యోగలక్ష్మి గుమ్మం బయట అవ్వ వెనకాల ఇరుక్కుపోయింది.

ఎనభై దాటిన ముసలామె అంత వేగంగా కదలగలదని ఎవరూ అనుకోలేదు. గోడ వదిలేసి, తూలుతూ వచ్చి, కుర్చీ ముందు నేలమీద కూలబడింది. కోడలి రెండు మోకాళ్ళూ రెండు చేతులతో వాటేసుకుంది. గౌరమ్మ లేవలేకపోయింది.

“అత్తా, నా కాళ్ళు ముట్టుకోవద్దు,” అంది గౌరమ్మ. “నాకు పాపం అత్తా. వదులు.”

“సుమ్మా ఉండు, ఊరుకో. తొప్పూరు నుంచి వచ్చినప్పుడు ఈ కాళ్ళకు మన్ను కడిగింది ఎవరు? అప్పుడు తగలని పాపం ఇప్పుడు తగులుతుందా?”

గౌరమ్మ చేతులు ఇంకా కుర్చీని బిగించి పట్టుకునే ఉన్నాయి. అవ్వ ఆమె మోకాళ్ళ మీద తల ఆనించింది. ఆ మాట చెప్పడానికి మొరప్పూరు నుంచి దారంతా సాధన చేసినట్టు పెదవులు కదిలాయి.

“కూచో,” అంది ముత్తమ్మాళ్. ఇంకా సరిపోదని తెలిసి మళ్ళీ అంది. “తప్పు నాది. నువ్వు పైన కూచో బిడ్డా.”

గౌరమ్మ నడుము నెమ్మదిగా వెనక్కి ఒరిగింది. వీపు కుర్చీకి ఆనింది. ఆ తర్వాత ఆమె ఏడ్చిన ఏడుపు మొగుడు పోయినప్పుడు కూడా ఏడవలేదు. చిన్నపిల్ల ఏడ్చినట్టు నోరు తెరిచి ఏడ్చింది. ఇది ముందే అనుంటే ఏం పోయేది అత్తా, ఒక్క మాటే గదా, తుంటి బాగున్నప్పుడు అనుంటే నీ పక్కన కూచునేదాన్ని గదా అని, ఇప్పుడు నేను కిందికి రాలేను, నువ్వు పైకి రాలేవు అని ఏడ్చింది. అవ్వ మోకాళ్ళు వదలకుండా పట్టుకుని అంతా విన్నది.

ఏడుపు తగ్గాక గౌరమ్మ వంగబోయి, వంగకూడదని గుర్తొచ్చి ఆగింది. చేయి చాపితే అత్త నెరిసిన తల అందింది. దాని మీద అరచేయి పెట్టింది.

“ఎంతసేపు కూచోమంటావు అత్తా?”

“నేనున్నన్ని దినాలూ కూచో,” అంది ముత్తమ్మాళ్. “నేను పోయినాంక కూడా కూచో.”